మైలుకి రెండు వందల అడుగులు

నులక మంచం ఏ వైపుకి దిగబడిందన్న విషయం మీద ఆ పొద్దున్న దేవదానంగారికీ ప్రేమమ్మగారికీ మాటా మాటా పెరిగింది.

“నువ్వు అంచు మీద కూర్చుని కూరలు తరుగుతావు. అందుకే అటు జారింది,” అన్నారాయన, మంచం పట్టెను అరచేత్తో చరుస్తూ.

“నేను తరిగేది పావుశేరు బెండకాయలు. దానికే మంచం వంగిపోయిందా? ముప్ఫయ్యేళ్లు లాకు మీద కూర్చుని పెంచిన ఒళ్లు మీది. దాన్నడగండి.”

“లాకు మీద ఎవడూ కూర్చోడు. నిలబడతాడు.”

“నిలబడ్డవాళ్లకి ఆ పొట్ట ఎలా వచ్చిందో!”

వసారాలో బియ్యం ఏరుతున్న ఎస్తేరు తల వంచుకుని నవ్వుకుంది. నిజానికి ఆ మంచం కోళ్లలో ఒకటి మిగతావాటికంటే అర అంగుళం పొట్టి. ఆమె ఆర్నెల్ల కిందటే టేపు పెట్టి కొలిచింది. ఆ సంగతి చెప్పేస్తే అత్తమామలకి పొద్దున్నపూట కాలక్షేపం పోతుందని ఊరుకుంది.

దేవదానంగారు కాలవల డిపార్టుమెంటులో, నీళ్లు వదిలే తలుపులు చూసుకునే లస్కరుగా చేరి, పులిగడ్డ లాకు దగ్గర పెద్ద లస్కరుగా రిటైరై, బందరులో పెద్దకొడుకు దైవాధీనం దగ్గర ఉంటున్నారు. దైవాధీనం కలెక్టరాఫీసులో గుమాస్తా. అతని భార్య ఎస్తేరు. బి.ఏ.లో భూగోళం చదివి, పెళ్లికి ముందు రెండేళ్లు ఆడపిల్లల బడిలో అదే చెప్పింది. ఇక చిన్నకొడుకు బాబూరావు. సర్వేలో గొలుసు పట్టడంతో మొదలుపెట్టి మ్యాపులు గీయడం దాకా నేర్చుకున్నాడు. ఏడాది కిందట, అంటే అరవై రెండు జనవరిలో, మస్కట్ వైపు కొండల్లో రోడ్డు కోసం సర్వే చేస్తున్న ఒక కంపెనీలో చేరాడు. పక్కవీధి నూరుల్లా అప్పటికే అందులో డ్రైవరు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరూ బొంబాయిలో ఒకే స్టీమరెక్కారు.

గేటు చప్పుడైంది. చూస్తే నూరుల్లా. భుజం మీద ట్రంకుపెట్టె. అది బాబూరావుదని దాని మీది తెల్లరంగు అక్షరాలు దూరం నుంచే చెబుతున్నాయి.

“వచ్చార్రా!” అన్నారు దేవదానంగారు మంచం సంగతి మరిచిపోయి. “వాడేడీ? జట్కావాడితో బేరం పెట్టాడా?”

నూరుల్లా పెట్టె దింపాడు. మెట్టెక్కలేదు. ఎండలోనే నిలబడి చేతులు కట్టుకున్నాడు.

“వాడు రాలేదు బాబాయిగారూ. వరదొచ్చింది. కొట్టుకుపోయాడు.”

ఎవరూ ఏడవలేదు. ఆ మాటకి అర్థం ఇంకా వసారా దాకా రాలేదు.

“ఎక్కడొచ్చింది వరద?” అని దేవదానంగారు నీటిమట్టం గేజి రీడింగు అడిగినట్టు అడిగారు.

“కొండల్లోనండీ.”

“ఏ కొండల్లో? ఆ ఎడారి కొండల్లోనా?”

నూరుల్లా తల ఊపి, జేబులోంచి కంపెనీవాళ్ల కాగితం తీసి ఎస్తేరుకి అందించాడు. ఇంగ్లీషులో ఆరు వరుసలు. ఎస్తేరు ఒకసారి చదివి, తప్పు చదివానేమోనని మళ్లీ చదివింది. మార్చి పదకొండో తేదీ తెల్లవారుజామున లోయలో అకస్మాత్తుగా వచ్చిన వరదలో మునిగి చనిపోయాడు. మర్నాడు తొమ్మిది మైళ్ల దిగువన దొరికాడు. అక్కడే సమాధి చేశారు. ఆమె తెలుగులో చెబుతుంటే గొంతు తనది కాదన్నట్టు వినిపించింది. చాటలో బియ్యం ఎప్పుడు ఒలికాయో చూసుకోలేదు.

ప్రేమమ్మగారు మంచం అంచున కూర్చుండిపోయారు. “వాడికి ఈతొచ్చుగా,” అన్నారు. “ఏవండీ, వాడికి ఈతొచ్చుగా?”

దేవదానంగారు వినిపించుకోలేదు. నూరుల్లా మెట్టు మీద పెట్టిన చేతిగడియారాన్ని చూస్తున్నారు. అది బాబూరావు గడియారం. ఆయన వంగి దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నారు.

“ఆడుతోంది,” అన్నారు. “నీళ్లలో పడి చచ్చినవాడి గడియారం ఆడుతోందేరా?”

“అది నా దగ్గర...”

“అదే అడుగుతున్నాను. నీ దగ్గరెందుకుందీ అని.”

“బాబాయిగారూ, నా మాట...”

“వాడు పధ్నాలుగు నెలలుగా నాకు ఉత్తరాలు రాశాడు. మనిషికి రోజుకి ఒక డబ్బా నీళ్లని రాశాడు. ముఖం కడుక్కోడానికి వంతులని రాశాడు. నీళ్లు లేక చచ్చాడని చెప్పు, నమ్ముతాను. నీళ్లలో మునిగి చచ్చాడంటే ఎలా నమ్మను? నాకు చెప్తావా నీళ్ల సంగతి? బయటికి నడు!”

పక్కిళ్లవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. నూరుల్లా వాళ్లందరి మధ్యలోంచి, వచ్చినంత నెమ్మదిగానే వెళ్లిపోయాడు.

*

పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. సంఘం ఆడవాళ్లు వచ్చి ప్రేమమ్మగారి పక్కన కూర్చున్నారు. వచ్చిన ప్రతివాళ్లకీ దేవదానంగారు ఒకే మాట చెప్పారు. నీరు చెప్పకుండా రాదు. పైన వాన పడాలి, ఏరు రంగు మారాలి, నురగ రావాలి, ఆనకట్ట నుంచి కబురు రావాలి. కృష్ణ అంతటి కృష్ణ కూడా మూడు రోజుల ముందు చెప్పి వస్తుంది. ఒక్క చుక్క లేని చోట, మబ్బులేని ఆకాశం కింద, ఈతగాణ్ణి తీసుకుపోయే వరద ఎక్కడిది? మధ్యలో ఏదో జరిగింది. గడియారం దగ్గరో, జీతం దగ్గరో తగువు వచ్చింది. అడిగేవాళ్లు లేని చోటు కదా.

రెండో రోజుకి ఈ మాట బజారు దాటింది. మూడో రోజు పొద్దున్న ఆయన ఎస్తేరుని పిలిచారు.

“అమ్మాయ్, పోలీసులకి అర్జీ రాయాలి. దైవాధీనం రాస్తే ఆఫీసు కాగితంలా ఉంటుంది. నీ దస్తూరీ బాగుంటుంది, ఇంగ్లీషూ వచ్చు. నూరుల్లా మీద అనుమానమని రాయి.”

దైవాధీనం చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఆగాడు. మూడు రోజులుగా అతనికి మాట సరిగా రావడం లేదు.

ఎస్తేరు కాగితం తీసుకుంది, కలం తీసుకుంది. తేదీ వేసింది. ఆ తరువాత చెయ్యి కదలలేదు. ఒక మనిషి పేరు రాసి, హంతకుడు కావచ్చునని కింద రాయాలి. రాసేది తను.

“మావయ్యగారూ, ఇవాళ్టికి ఆగండి. బాబు ఉత్తరాలన్నీ ఒకసారి చూసి రాస్తాను. తేదీలవీ తప్పు పడకూడదు.”

“చూడు. రాత్రి భోజనాల వేళకి నాకు కాగితం కావాలి.”

ఉత్తరాలు బిస్కట్ల డబ్బాలో ఉన్నాయి. పందొమ్మిది. అందులో సగం ఆమెకి రాసినవే, ఎందుకంటే కొండల గురించి వినే ఓపిక ఆ ఇంట్లో ఆమెకే ఉండేది.

‘వదినా, కొండ అంటే మనకి రైల్లోంచి కనపడే మంగళగిరి. ఇవి అలాంటివి కావు. ఇటుక బట్టీ కాలి చల్లారాక ఎలా ఉంటుందో అలా ఉంటాయి. ఒకటి నల్లగా, దాని వెనకది ఊదాగా, దాని వెనకది తుప్పురంగుగా, అలా వెళ్తూనే ఉంటాయి. గడ్డిపరక లేదు. మట్టే లేదు. మట్టి లేని నేల ఉంటుందని మన దివిసీమలో చెబితే నవ్వుతారు. మధ్యాహ్నం రాయి మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. కానీ రెండు కొండల మధ్య చీలికలోకి దిగితే ఉన్నట్టుండి ఖర్జూరపు తోట, నిమ్మచెట్లు, పిల్లల కేకలు! ఇరవై గజాల వెడల్పు పచ్చదనం, దాని పక్కన మళ్లీ బూడిద.’

ఇంకోటి. ‘నాన్నతో చెప్పు. ఇక్కడా కాలవలున్నాయి. జానెడు వెడల్పు. కొండరాతిని తొలిచి మైళ్లకొద్దీ తెచ్చారు. వంతుల ప్రకారం నీళ్లు వదులుతారు. ఎండలో కర్ర పాతి, నీడ ఎక్కడికొచ్చిందో చూసి వంతు మారుస్తారు. లస్కర్లు అక్కర్లేదు. నాన్నకి కోపమొస్తుందేమో.’

ఆ ఉత్తరం వచ్చిన రోజున మావయ్యగారు దాన్ని మూడుసార్లు చదివించుకున్నారు.

చివరి ఉత్తరం మార్చి రెండున రాసింది. దానిలో మడతపెట్టిన ట్రేసింగు కాగితం. బాబూరావు చేత్తో గీసిన మ్యాపు. కొండల ఎత్తుని చూపించే గీతలు సన్నగా, వెంట్రుకల్లా, ఒకదాన్నొకటి తాకేంత దగ్గరగా. మధ్యలో లోయ. ఆ లోయలో ఏరుకి పూర్తి గీత లేదు, తెగిన గీత, అంటే వానకి తప్ప పారని ఏరు. పైన ఒక ఊరు, నాలుగువేల రెండువందల అడుగులు. కింద ఒక చుక్క పక్కన ‘రాబోయే క్యాంపు’ అని, పధ్నాలుగు వందల అడుగులు. మధ్య దూరం పధ్నాలుగు మైళ్లు.

ఎస్తేరు బల్ల మీద మోచేతులు ఆన్చి ఆ అంకెలు చూసింది. తీసివేసింది, భాగించింది. మళ్లీ చేసింది. అదే జవాబు. క్లాసులో బోర్డు మీద ఎన్నిసార్లో గీసి చెప్పిన పాఠం అది. చెబుతూ కూడా ఏనాడూ భయపడలేదు.

చీర కొంగు సర్దుకుని పక్కవీధికి వెళ్లింది.

*

నూరుల్లా తల్లి ఆమినా బీ ఆమెను చూసి పీట వెయ్యలేదు. రెండిళ్ల మధ్య ఇన్నేళ్ల స్నేహంలో అది మొదటిసారి.

“అర్జీ రాయడానికి వివరాలు కావాలా అమ్మా?” అంది. “మా వాడి తండ్రి పేరు తెలుసుగా? వయసు ఇరవై ఎనిమిది. అదీ రాసుకో.”

“అమ్మీ, ఊరుకో,” అంటూ నూరుల్లా లోపల్నుంచి వచ్చాడు. మూడు రోజుల గడ్డం. “కూర్చోండి వదినా.”

ఎస్తేరు గడప మీదే కూర్చుంది. “గుడారం ఎక్కడ వేశారు?”

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ఎందుకొచ్చిందో కాక, ఏం తెలుసుకుని వచ్చిందో చూస్తున్నట్టు చూశాడు.

“ఏటి ఇసుకలో.”

“అందరూనా?”

“కంపెనీ దొర గుడారం పైన, రాతి మెట్టు మీద. ఒంటెలవాళ్లూ పైనే. అక్కడంతా కంకరరాళ్లు, వీపులో గుచ్చుకుంటాయి. మేమిద్దరం కింద. ఒంటెలవాడు రమ్మని కేకేశాడు. ఏదో చెప్పాడు, వాడి యాస నాకు సగమే తెలుస్తుంది. చెయ్యెత్తి చూపించాడు. రాతి పగుల్లో, రెండు నిలువుల ఎత్తున, ఎండిన ఖర్జూరపు మట్టలు ఇరుక్కుని ఉన్నాయి. బాబు చూసి గద్దగూడు అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.”

ఎస్తేరు చేత్తో నోరు మూసుకుంది. ఆ మట్టల్ని అంత ఎత్తున పెట్టింది గద్ద కాదు.

“చెప్పు. తరవాత?”

“తెల్లారుజామున నమాజుకి లేవాలని వాడి గడియారం ముందురోజే తీసుకున్నాను. ‘నువ్వు లే, నన్ను లేపకు’ అన్నాడు. నేను మెట్టెక్కి ఒంటెలవాళ్ల దగ్గరికి వెళ్లాను. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు వదినా. చుక్కలు పోతున్నాయి, అంతే. నమాజులో ఉండగా దూరంగా లారీ వస్తున్నట్టు మోత. ఈ వేళప్పుడు లారీ ఏమిటా అనుకున్నాను. ఒంటెలవాళ్లు లేచి అరుస్తున్నారు. చూస్తే మలుపులోంచి గోడ. నీళ్లు కాదు. ముందు రాళ్లు, చెట్ల మొదళ్లు దొర్లుకుంటూ వచ్చాయి. నీళ్లు వాటి వెనకాల. నేను వాడి పేరు పిలిచాను. ఒక్కసారే పిలిచాను. రెండోసారి పిలవడానికి గుడారం లేదు.”

ఆమినా బీ గోడవైపు తిరిగింది.

“గంటన్నరలో మళ్లీ ఇసుక,” అన్నాడు నూరుల్లా. “తడి ఇసుక. ఎక్కడో ఇరవై మైళ్ల అవతలి కొండ మీద రాత్రి వాన పడిందట. మర్నాడు వాడు దొరికితే నేనే తవ్వాను. దొర మీ బైబిలు చదివాడు.”

“ఇసుకలో పడుకుందామన్నది ఎవరు?”

నూరుల్లా తల్లి వైపు చూశాడు.

“నేనే అన్నానని అనండి.”

“నూరుల్లా.”

“అలాగే చెప్పండి వదినా. బాబాయిగారు నన్నెలాగూ అనుమానించారు. ఆ పెద్దాయనకి ఇంకో బరువెందుకు?” అతను నేల మీద చతికిలబడ్డాడు. “వాడు ఇసుక చూడగానే చిన్నపిల్లాడైపోయాడు. ‘ఒరేయ్, మన పులిగడ్డ ఇసుకరా’ అన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని చెలమ తవ్వాడు. మూరెడు లోతులో నీరు పడింది. పధ్నాలుగు నెలల్లో వాడు అంత నవ్వడం చూడలేదు.”

*

ఆమె ఇంటికి వచ్చేసరికి దీపాల వేళకి ఇంకా గంట ఉంది. దేవదానంగారు వసారాలో ఉన్నారు.

“రాశావా?”

“ఒక్కటి చెప్పండి మావయ్యగారూ. మన బందరు కాలవకి వాలు ఎంత?”

“అదెందుకిప్పుడు?”

“చెప్పండి.”

“మైలుకి ఆరంగుళాలు. కొన్నిచోట్ల అంతా కూడా ఉండదు.”

ఆమె ట్రేసింగు కాగితం ఆయన ముందు పరిచింది. “ఇది బాబు గీసింది. ఈ ఊరు ఇక్కడ, క్యాంపు ఇక్కడ. మధ్య పధ్నాలుగు మైళ్లు. ఎత్తులో తేడా రెండువేల ఎనిమిది వందల అడుగులు.”

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. పెదవులు కదిలాయి. లెక్కలో ఆయన ఎవరికీ తీసిపోరు. “మైలుకి రెండొందలు,” అన్నారు. కాసేపాగి, “అంగుళాలా?” అన్నారు, తనకి తెలిసీ.

“అడుగులు.”

ఆయన కాగితం మీదికి వంగారు. వేలు లోయ పైకొసన పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చారు.

“కొండ మీద మట్టి ఎంత ఉంటుంది?”

“ఉండదండీ. రాయి.”

“గడ్డి?”

“లేదు.”

“చెరువులూ, మడుగులూ? నీళ్లని కాసేపైనా పట్టి ఉంచేది ఏదైనా?”

“ఏమీ లేదు. పడిన చుక్క పడినట్టే లోయలోకి వస్తుంది. చుట్టూ ఉన్న కొండలన్నిటిదీ ఒక్క లోయలోకే. ఎక్కడో పడుతుంది, ఇక్కడ ఆకాశం తేటగానే ఉంటుంది.”

“లాకు లేదు, తూము లేదు,” అన్నారాయన గొణుగుతున్నట్టు. “మైలుకి రెండొందల అడుగులు. దేవుడా, దాన్ని చూసి పరుగెత్తడానికి కూడా...” ఆ మాట అక్కడే ఆగిపోయింది. లాకు తలుపులు ఒక్కసారిగా తెరిస్తే ఏమవుతుందో ముప్ఫయ్యేళ్లు చూసిన మనిషి. ఆయన కళ్లముందు ఏం కదిలిందో ఎస్తేరుకి తెలుస్తూనే ఉంది.

గడియారం సంగతి ఆమే చెప్పింది. నమాజుకి లేవడానికి నూరుల్లా ముందురోజు అడిగి తీసుకున్నాడని. ఆయన తల ఊపారు. విన్నారో లేదో తెలియలేదు. మళ్లీ వేలు క్యాంపు చుక్క మీద పెట్టారు.

“వీళ్లు గుడారం ఎక్కడేశారు?”

ఎస్తేరు నోరు తెరిచింది. నూరుల్లా చెప్పమన్న మాట నాలుక చివరే ఉంది. చెప్పేస్తే ఈ ముసలాయన ఇవాళ్టికి నిద్రపోతారు. నూరుల్లా మీద కోపం రూపు మార్చుకుని అలాగే ఉండిపోతుంది. ఆమె మాట్లాడకుండా ఒక్క క్షణం ఎక్కువసేపు ఉంది.

“ఇసుకలోనా?” అన్నారాయన.

“అవునండీ.”

“చెలమ తవ్వాడా?”

ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు. అబద్ధం ఆడటానికి కూడా వ్యవధి దొరకలేదు.

“తవ్వాడట. మూరెడు లోతులో నీరు పడిందట.”

దేవదానంగారు కళ్లజోడు తీసి మ్యాపు మీద పెట్టారు. ఎండాకాలం కాలవలు కట్టేశాక, లాకు పని లేని రోజుల్లో, ఇద్దరు కొడుకుల్నీ చెరో చేత్తో పట్టుకుని కృష్ణ ఇసుకలోకి తీసుకువెళ్లింది ఆయనే. ఎక్కడ చల్లగా ఉంటుందో కాలితో తడిమి చెప్పిందీ, చెలమ తవ్వించి ఆ నీళ్లు దోసిట్లో తాగించిందీ, ఇంతకంటే భద్రమైన పడక దేవుడు చెయ్యలేదని చెప్పిందీ ఆయనే. ఎస్తేరు కాపురానికి వచ్చిన కొత్తల్లో ఈ కథ ఆయన నోటే రెండుమూడుసార్లు వింది. ఇప్పుడు ఆయన ఎదురుగా ఉన్న గోడని, దాని మీద ఏదో రాసి ఉన్నట్టు, చూస్తూ కూర్చున్నారు.

*

భోజనాలకి నలుగురూ కూర్చున్నారు. పప్పుచారు, వంకాయ వేపుడు. కబురు వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో చేపలు వండలేదు. ప్రేమమ్మగారు కంచంలో అన్నం కలుపుతున్నారు కానీ తినడం లేదు.

“కాగితం ఏదీ?” అన్నాడు దైవాధీనం మెల్లగా. “రేపు ఆఫీసుకి వెళ్తూ స్టేషన్లో ఇచ్చేస్తాను.”

“కాగితం లేదు,” అన్నారు దేవదానంగారు. “అర్జీ లేదు.”

ప్రేమమ్మగారి చెయ్యి ఆగింది. “అంటే? ఆ కుర్రాడు చెప్పింది నిజమేనా?”

“నిజమే. వరదే వచ్చింది. అక్కడ అలాగే వస్తుంది. వాడి తప్పేం లేదు.”

ఆమె ముఖం ఒక్కసారి తెల్లబోయింది. ఎవరో ఒకరి మీద కోపం ఉన్నంతసేపూ కొడుకు ఇంకా ఎక్కడో ఉన్నట్టే ఉంది ఆమెకి. ఇప్పుడు ఆ కోపం కూడా పోయింది. ఎస్తేరు లేచి వెళ్లి అత్తగారి వీపు మీద చెయ్యి వేసింది.

“రేపు పొద్దున్నే ఆమినా బీ ఇంటికి వెళ్తాను,” అన్నారు దేవదానంగారు. “గుమ్మంలో నిలబడి క్షమించమని అడుగుతాను. లోపలికి రమ్మంటే వెళ్తాను, లేకపోతే లేదు. ఆదివారం గుళ్లో బాబు జ్ఞాపకార్థ కూడిక. దానికి నూరుల్లాని తీసుకొచ్చి మన వరసలో, నా పక్కన కూర్చోబెడతాను. ప్రార్థన అయ్యాక నేను లేచి చెప్తాను. ఆ కుర్రాడి మీద అబద్ధం పుట్టించింది నేను. ఏటి ఇసుక భద్రమని నా బిడ్డకి నేర్పింది కూడా నేను.”

“అంతమంది ముందా నాన్నా?” అన్నాడు దైవాధీనం. “మీరు వాడి ఇంటికి వెళ్లి చెప్తే చాలదా? రెండోది ఎవరడిగారు మిమ్మల్ని?”

“వాణ్ణి గేటు బయటికి గెంటినప్పుడు వీధంతా చూసింది. ఆ మొదటిది అందరి ముందూ చెప్పాల్సిందే. చెప్పాక, ‘మరి కుర్రాడెలా పోయాడు?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు నేను సగం చెప్పి కూర్చోలేను.” ఆయన పెద్దకొడుకు కంచంలోకి పప్పుచారు తనే వంచారు. “ఆదివారం తొమ్మిదింటికి. అందరూ తయారుగా ఉండండి.”